టెస్టింగు లెక్కలోకి రాదు

మా పల్లెలో ఎవరు పోయినా ఆ కబురు రెండు ఊదుళ్ళతో మొదలయ్యేది. "ఫూ... ఫూ..." తర్వాత "హలో, హలో, హలో." మూడో హలో అయిన వెంటనే ఒక కుక్క "భౌ" మని ఒకే ఒక్కసారి మొరిగేది. అన్నం తింటున్నవాళ్ళు చెయ్యి ఆపేవాళ్ళు, వల బాగుచేస్తున్నవాళ్ళు దారం వదిలేసేవాళ్ళు. అప్పుడు మైకాయన గొంతు వచ్చేది. "గౌరవనీయులైన గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా..."

పోయిన నెల ఆ మైకాయనే పోయాడు. ఊళ్ళో సగం మందికి మధ్యాహ్నం దాకా సంగతి తెలియలేదు. తెలియజెప్పేవాడే పోతే ఎవరికి తెలుస్తుంది!

ఆయనకు పేరు లేక కాదు, రేషను కార్డులో ఉంది. అక్కడే ఉండిపోయింది, ఊళ్ళో ఎవరూ దాన్ని వాడలేదు. పన్నెండేళ్ళు పక్కింట్లో అద్దెకున్న నేను కూడా మైకన్నా అనే పిలిచాను. ఇప్పుడు పేరు పెట్టి రాస్తే ఎవరో పరాయివాడి గురించి రాసినట్టుంటుంది.

నాది మనుబోలు. వరిపొలాల మధ్య పుట్టినదాన్ని. మైపాడు నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న ఈ పల్లె బడికి టీచరుగా వస్తుంటే, సముద్రం హోరుకి నిద్ర పడుతుందో లేదోనని మా అమ్మ బెంగపెట్టుకుంది. సముద్రం నన్నేమీ చేయలేదు. చేసిందంతా మైకన్నే. తుఫాను షెల్టరు మీద నాలుగు హారన్లు కట్టి, వాటి వైరు తన ముందుగదిలోని ఆంప్లిఫయరు దాకా లాక్కొని, తెల్లవారుజామున ఐదింటికల్లా దేవుడి పాటలు పెట్టేవాడు. ఆ ముందుగదికీ నా పడకగదికీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

మొదటి వారమే దెబ్బలాటకు వెళ్ళాను. "ఏమన్నా, మనుషులు నిద్రపోవద్దా? పొద్దున్నే లేచి అరవైమంది పిల్లలతో అరవాల్సినదాన్ని. నా తల బద్దలైపోతోంది, నీ పాటలు పాడుగాను!" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన చేతులు కట్టుకుని, నా మొహంలోకే చూస్తూ, అంతా విని చిరునవ్వు నవ్వాడు.

"శానా సంతోషం టీచరమ్మా. రేపట్నుంచి ఇంకాస్త ముందే పెడతాలే," అన్నాడు.

ఎంత పొగరు అనుకున్నాను. మూడు నెలలు మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదన్న సంగతే ఆయన గమనించలేదని తర్వాత తెలిసి ఇంకా మండిపోయింది.

ఆయనకు ఏది కనబడినా తట్టి చూసే అలవాటు. పుచ్చకాయ ఎవరైనా తడతారు, ఈయన గోడను తట్టేవాడు, గుడి తలుపును తట్టేవాడు, పెళ్ళికొడుకు వీపు తట్టేవాడు. ఫోను వస్తే ముందు దాంట్లోకి "ఫూ ఫూ" అని ఊది, ఆ తర్వాతే మాట్లాడేవాడు. అవతలివాళ్ళు జడుసుకుని పెట్టేసేవాళ్ళు. టీ కొట్లో కూడా మామూలుగా టీ అడగడం చేతకాదు. "దయచేసి ఒక టీ ఇవ్వవలసిందిగా కోరడమైనది" అనేవాడు. టీ కొట్టు ఆమె "కోరినావు సరే, కూచో" అనేది.

అయితే చావు కబురు చెప్పడంలో మాత్రం ఆయనకొక నియమం ఉండేది. పేరు చెప్పి, ఎన్నింటికి ఎత్తుతారో చెప్పి ఊరుకోడు. పోయినవాళ్ళ గురించి ఒక మంచిమాట చేర్చాలి. "చేపల పులుసులో చింతపండు ఎంత పడాలో తెలిసిన తల్లి." "అప్పుడే కట్టిన వల అయినా అడిగిన వెంటనే ఇచ్చిన మనిషి." అలాంటివి. ఒకసారి ఊరందరితోనూ తగవు పెట్టుకున్న మొండిఘటం ఒకడు పోయాడు. మైకన్న గంటసేపు వాకిట్లో పచార్లు చేశాడు. చివరికి నా గుమ్మంలోకి వచ్చాడు.

"టీచరమ్మా, చదువుకున్నదానివి. ఆ మనిషిలో ఒక్క మంచి చెప్పు."

"నాకేం కనబడలేదన్నా," అన్నాను.

కాసేపటికి మైకులో వినిపించింది. "...ఏనాడూ రాత్రిపూట ఎవురి నిద్రా చెరపకుండా, పగలు మాత్రమే కొట్లాడిన పెద్దమనిషి ఇక లేరని తెలియజేయుటకు చింతిస్తున్నాము." పోయినాయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన మొగుడి గురించి అంత మంచిమాట ఆమె జీవితంలో వినలేదట.

ఆ ఇంట్లో ఆయన కాక ఇంకొక ప్రాణి ఎకో. నల్లటి ఊరకుక్క. మైకులో ఎకో బిరడా తిప్పితే అన్నమాట మళ్ళీ వినిపిస్తుంది కదా. ఈయన హలో అంటే అది మొరుగుతుంది కాబట్టి ఆ పేరు పెట్టాడు. నాకు కుక్కలంటే పడదు. ఆ సంగతి దానికీ తెలుసు, అయినా నా గుమ్మంలోనే పడుకునేది.

పోయినేడు వానలు వెనకబట్టాక ఎకో దగ్గడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేస్తే ఇసుకలో చతికిలబడేది. మైకన్న దాన్ని గొంగట్లో చుట్టి నెల్లూరు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, నాకూ అక్కడ పనుండి అదే ఆటో ఎక్కాను. డాక్టరు చిన్నపిల్ల, ఓపిక గలది. గుండె పెద్దదైంది అని చెప్పింది. "మాత్రలు ఇస్తాను. రోజూ పొద్దున్నే ఇది పడుకుని ఉన్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి రాయండి. నూట నలభై దాటిందా, ఆ రోజే తీసుకురండి. ఆలస్యం చేస్తే దక్కదు," అంది.

ఎలా వినాలో నేర్పుదామని స్టెతస్కోపు తీసి ఆయన చెవుల్లో పెట్టింది. మైకన్న కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"ఆహా! బాగా వినిపిస్తా ఉండాదమ్మా. శానా క్లియరు!"

స్టెతస్కోపు రెండో కొస ఇంకా డాక్టరు చేతిలోనే ఉంది. కుక్క మీద పెట్టనే లేదు. ఆ పిల్లా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

తిరుగు ప్రయాణంలో ఆయన చెవి దగ్గర నోరుపెట్టి అరిచాను. "నీకు చెవులు వినపడవా అన్నా?"

ఆయన గభాలున ఆటో డ్రైవరు వైపు చూసి, నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లంగా టీచరమ్మా! ఊళ్ళో తెలిస్తే నాకు మైకు ఎవురిస్తారు? నలభై ఏళ్ళు హారన్ల కింద కూచున్నా గదా, పోయినాయి చెవులు. మనుషులైతే నోరు చూసి కనిపెడతా. దీని గుండెకాయకి నోరు లేదు గదా, ఏం జేసేది?"

నేను వచ్చిన కొత్తలో అన్న ఆ "శానా సంతోషం" నాకు అప్పుడు అర్థమైంది. నోరు చూసినా, అంత వేగంగా తిట్టే నోటిని పాపం ఎవరు మాత్రం అందుకోగలరు! సిగ్గేసింది.

"వినపడాలంటే పెద్దగా చెయ్యాల," అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. "పెద్దగా చేసేదే గదా నా పని."

నాలుగు రోజులు తలుపు వేసుకుని కూర్చున్నాడు. కిరసనాయిలు పోసే గరాటు తీసుకుని, దాని వెడల్పు మూతికి పిల్లల బుడగ రబ్బరు సాగదీసి బిగించాడు. సన్నటి గొట్టంలో చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు దూర్చి, చుట్టూ సైకిలు ట్యూబు ముక్క చుట్టి, వైరు తెచ్చి ఆంప్లిఫయరుకు కలిపాడు. మొదటిసారి పెడితే కుక్క బొచ్చు రాపిడికి తుఫాను వచ్చినంత హోరు. బొచ్చు అణగడానికి కొబ్బరినూనె రాస్తే ఎకో ఆ నూనెతోపాటు గరాటునూ నాకేసింది. రెండోసారి స్పీకరు పెట్టెకు దగ్గరగా పెట్టడంతో కుయ్యిమని చెవులు చిల్లులు పడేలా కూత లేచింది. ఎకో దానికి శ్రుతి కలిపి మెడ పైకెత్తి ఏడ్చింది. ఈ రెంటి కచేరీకి వీధిలో కుక్కలన్నీ వచ్చి వాకిట్లో కూర్చున్నాయి.

మూడోసారి పెట్టెను దూరంగా జరిపాడు. అంటే నా గోడకు ఆనించాడు. నేను పోపు వేస్తుంటే "ధబ్ ధబ్, ధబ్ ధబ్" అని గోడ అదిరి, అలమరలోంచి పసుపు డబ్బా నా నెత్తి మీద పడింది. గరిటె పట్టుకునే వెళ్ళాను, ఈసారి నిదానంగా, నోరు బాగా తెరిచి తిడదామని.

ఎకో చాప మీద పడుకుని ఉంది. మైకన్న ఒక చేత్తో గరాటు దాని పక్కటెముకలకు ఆనించి, రెండో అరచెయ్యి పెట్టె మీద వేసి కూర్చున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"వినిపిస్తా ఉండాది టీచరమ్మా," అన్నాడు. "నిజంగానే."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, పసుపు మొహంతో అక్కడే కూలబడ్డాను.

విన్నాడు గానీ లెక్కపెట్టడం ఆయన వల్ల కాలేదు. ఇరవై దాకా వచ్చేసరికి సంతోషం పట్టలేక తల ఊపేవాడు, ముప్ఫైకి "భలే కొడతా ఉండాది గదా!" అనేవాడు, మళ్ళీ మొదటికొచ్చేది. దాంతో ఆ పని నా చేతి గడియారానికి వచ్చిపడింది. రోజూ పొద్దున్నే నేను బడిలో మిగిలిన పాత హాజరుపట్టీ పట్టుకుని వెళ్ళేదాన్ని. అందులో ఒకే ఒక పేరు, ఎకో.

ముందు సెట్టు బాగుందో లేదో చూడాలి. పరీక్షించకుండా పని మొదలుపెడితే ఆయన మైకు మనిషే కాదు. గరాటు తన బనీనులోకి దూర్చుకుని, గుండె మీద పెట్టుకుని, "ఫూ... ఫూ... హలో, హలో, హలో" అనేవాడు. ఎకో "భౌ" అనేది. ఆయన గుండె పెట్టెలోంచి ధబ్ ధబ్ మనేది. "సెట్టు ఓకే!" అని గరాటు తీసి కుక్కకు పెట్టేవాడు. మొదటిరోజు నేను తెలియక ఆయన గుండెనే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం ఊపాడు.

"అది లెక్కపెట్టబాక టీచరమ్మా! టెస్టింగు లెక్కలోకి రాదు."

నూట ఎనిమిది, నూట పన్నెండు, నూట నాలుగు. ఆ అంకెను బట్టి ఆయన రోజు ఉండేది. నూట నాలుగైతే ఐదింటి పాటలకు బోనసుగా ఇంకో రెండు. ఒకరోజు నూట ముప్ఫైరెండు వస్తే అన్నం ముట్టలేదు. గంటగంటకూ నన్ను బడి నుంచి పిలిపించి లెక్కపెట్టించాడు. సాయంత్రానికి నూట పదహారుకు దిగాక, పిల్లలందరికీ బెల్లం పంచాడు.

ఇక ఆ ఆదివారం సంగతి చెప్పాలి. మా పల్లెలో ఊరిపెద్దలు ఏదైనా కట్టుబాటు చెప్పాలంటే ముందు తప్పెట మోగాలి. తప్పెట వినబడితే ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగకూడదు. విషయమేమిటో విన్నాకే కదలాలి. ఇది తాతల నాటి పద్ధతి. తప్పెట కొట్టే ముసలాయన చేతులు వణుకుతున్నాయని, ఆయన దెబ్బనే రికార్డు చేసి మైకన్న హారన్లలో వేసేవాడు.

ఆ రోజు నేను చేపల కోసం తెల్లవారకముందే ఇసుకలోకి వెళ్ళాను. ఎకో లెక్క తిరిగొచ్చాక చూద్దాంలే అనుకున్నాను. దేవుడి పాటలు ఆగాయి. పడవలు నీళ్ళ దాకా తోసి ఉన్నాయి. అంతలో హారన్లలోంచి "ధబ్... ధబ్..." అని మొదలైంది. పడవల మీద చేతులు వేసినవాళ్ళు వేసినట్టే ఆగిపోయారు. పెద్దకాపు, అంటే ఊరిపెద్దల్లో పెద్దాయన, పళ్ళపుల్ల నోట్లోంచి తీసి బిత్తరపోయాడు. కట్టుబాటు చెప్పాల్సింది తనే, తనకే తెలియదు!

"ఏంది మామా విషయం?" అని అందరూ ఆయన్నే అడిగారు.

"చెప్తారుండండి," అన్నాడు పెద్దకాపు.

ఐదు నిమిషాలైంది. పదైంది. ధబ్ ధబ్ ఆగదు, విషయం రాదు. ఎండ పొడిచింది. అందరికంటే ఎక్కువ మండిపోయింది తప్పెట ముసలాయనకి.

"ఇది నా దెబ్బ కాదు! నేను ఇట్ట కొడతానా? మధ్యమధ్యలో ఒక దెబ్బ మింగేస్తా ఉండాడు చూడండి. ఎవుడో పొద్దున్నే తాగి కొడతా ఉండాడు!" అన్నాడు.

ఇసుకంతా గొల్లున నవ్వింది. నేను నవ్వలేదు. నాకు అది తప్పెట కాదని తెలిసిపోయింది. ఎకో గుండె అంత నిదానంగా ఎప్పుడూ లేదు. పైగా ముసలాయన చెప్పింది నిజం. నాలుగైదు దెబ్బలకోసారి ఒకటి తప్పుతోంది. అయిపోయింది, కుక్క పోతోంది అనుకున్నాను. చేపల బుట్ట అక్కడే వదిలేసి పరిగెత్తాను.

నేను సగం దారిలో ఉండగా హారన్లలోంచి మూతికి దుప్పటి కప్పినట్టు ఒక గొంతు వచ్చింది. ఊరంతా ఊపిరి బిగబట్టి విన్న ఆ కట్టుబాటు ఇది. "రా నా బంగారు తల్లీ, బయటికి రామ్మా... మాత్ర మింగితే బిస్కెట్టు ఇస్తా గదా..."

వెళ్ళేసరికి మైకన్న మంచం కిందకు తల దూర్చి బోర్లా పడుకుని ఉన్నాడు. ఎకో మంచం కింద గోడవారన కూర్చుని తోక ఊపుతోంది, గుండ్రాయిలా ఉంది. గరాటు ఆయన బనీనులోనే ఉంది. టెస్టింగుకని గరాటు పెట్టుకోగానే కుక్క మాత్రకు భయపడి మంచం కింద దూరితే, దాన్ని బతిమాలే గొడవలో గరాటు సంగతే మర్చిపోయాడు. పాటలకని బయటి హారన్ల వైపు తిప్పిన స్విచ్చిని లోపలి పెట్టె వైపు తిప్పడమూ మర్చిపోయాడు. అంటే ఊరంతా విన్నది ఆయన గుండె!

కుక్కది కాదు కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. నేలమీద కూర్చుని, కళ్ళెంబడి నీళ్ళు కారేదాకా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో చెబితే ఆయనా నవ్వాడు.

ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చింది. "ఏమయ్యా, నీ గుండెకాయ వినేదానికి మేం చేపల యాట మానుకోవాల్నా?" అన్నాడు పెద్దకాపు. మైకన్న మొహం పాలిపోయింది. బయట హారన్లు మోగుతుంటే నీకు వినపడలేదా అని ఎవరైనా అడిగితే మైకు పోయినట్టే. నేను ముందుకు దూకి అబద్ధమాడేశాను. "తప్పు నాది. స్విచ్చి నేనే తిప్పాను," అన్నాను.

పెద్దకాపు నన్ను పక్కకు పిలిచాడు. "ఆయనకి చెవులు వినపడవని ఊళ్ళో పిల్లకాయలకి కూడా తెలుసు టీచరమ్మా. పదేళ్ళయింది. మాకు తెలుసని ఆయనకి మాత్రం చెప్పబాక," అన్నాడు. మర్నాడు ఎవరో వచ్చి, బయటికి తిప్పితే వెలిగేలా ఆ స్విచ్చి పైన ఒక ఎర్రబల్బు పెట్టి వెళ్ళారు. అది సర్కారు రూలు అని చెప్పారట. మైకన్న నమ్మాడు.

పోయిన నెల ఒక పొద్దున ఎకో లెక్క నూట ఆరు. "భలే!" అని టీ పెట్టడానికి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. "కాసింత ఆయాసంగా ఉండాది టీచరమ్మా," అన్నాడు. పెద్దకాపు బండిలో నెల్లూరు తీసుకెళ్ళాం. దారిలోనే పోయాడు. ఆస్పత్రి డాక్టరు చూసి, మా ఇద్దరితో అన్నాడు. "ఆయన గుండె చాలా రోజులుగా తప్పి కొట్టుకుంటూ ఉండి ఉండాలి. మీలో ఎవరికీ తెలియలేదా?"

పెద్దకాపు నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఊరంతా విన్నామండీ అని ఎలా చెప్పడం? పడవలు ఆపుకుని మరీ విన్నాం. తప్పెట ముసలాయన దెబ్బ తప్పుతోందని చెప్పనే చెప్పాడు. మేం నవ్వాం. ఎనిమిది నెలలు రోజూ నా చేతికి గడియారం ఉంది, రోజూ ఆయన గుండే ముందు మోగింది. నేను కళ్ళు మూసుకుని ఎకో వంతు కోసం కాచుకున్నాను.

తిరిగొచ్చాక, "నువ్వే చెప్పాల టీచరమ్మా," అన్నాడు పెద్దకాపు. స్విచ్చి తిప్పాను, ఎర్రబల్బు వెలిగింది. ఏం చెయ్యాలో తెలియక రెండుసార్లు ఊది, హలో, హలో, హలో అన్నాను. మంచం కింద నుంచి ఎకో "భౌ" మంది. కిటికీ బయట వీధిలో ఒకామె, "అదిగో, మైకాయన వచ్చేసినాడు!" అనడం వినిపించింది. ఆయన పేరు చెప్పాను, రేషను కార్డులోది. ఎన్నింటికి ఎత్తుతామో చెప్పాను. మంచిమాట ఒకటి చెప్పాలి కదా. ఆయనైతే గంట పచార్లు చేసేవాడు. నాకు వెంటనే దొరికింది.

"ఈ ఊళ్ళో ఎవరినీ మంచిమాట లేకుండా సాగనంపని మనిషి," అన్నాను. స్విచ్చి లోపలికి తిప్పేశాను.

ఎకో ఇప్పుడు నా ఇంట్లో ఉంది. కుక్కలంటే నాకు ఇప్పటికీ పడదు. పొద్దున్నే గరాటు తీసి ముందు నా గుండె మీద పెట్టుకుంటాను. ఊదుతాను, హలో అంటాను, అది మొరుగుతుంది. హాజరుపట్టీలో దాని పేరు పైన ఇంకో వరుస గీసి, టెస్టింగు అని రాశాను. రోజూ ముందు అదే లెక్కపెడుతున్నాను.